చెట్టెక్కే కుర్చీలు అమ్మినవాడు చెప్పేది

మిషిగన్ రాష్ట్రంలో చెట్టెక్కే స్టాండ్ల గురించి నాకు తెలిసినంత ఇంకెవరికీ తెలియదు. నేను ఎక్కని చెట్టు లేదు. ఓకు, పైను, పాప్లర్, వైల్డ్ చెర్రీ, అన్నీ ఎక్కాను. వానలో ఎక్కాను, గాలిలో ఎక్కాను, మంచు పడుతుంటే ఎక్కాను.

పై పేరాకు ఒక చిన్న సవరణ. నేను ఎక్కింది కొట్టు వెనక గోదాములో నిలబెట్టిన ఒక దుంగను. అదీ సగం దాకా. మంచు సంగతి మాత్రం నిజం. గోదాము తలుపు సరిగా పడేది కాదు.

నోవై దగ్గర హైవే పక్కన వేట సామాన్లు అమ్మే ఒక పెద్ద కొట్టుంది. అందులో జింకల వేట విభాగంలో, చెట్టెక్కే స్టాండ్ల కౌంటరు వెనక, ఒళ్ళు సహకరించినంత కాలం నిలబడ్డాను. ఇప్పుడు నా చోట ఎవరో కొత్తవాళ్ళు చేరారని విన్నాను. వాళ్ళ కోసం, అలాంటి కౌంటర్ల వెనక నిలబడబోయే మన పిల్లలెవరైనా ఉంటే వాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. బిల్లు ఎలా కొట్టాలో, టోపీ ఎటు తిప్పి పెట్టుకోవాలో ట్రైనింగులో చెబుతారు. మీరు స్టాండు అమ్మిన మనిషి వేట సీజను అయ్యాక తన కాళ్ళ మీద తాను మళ్ళీ కొట్టుకు నడిచి రావాలి, మిమ్మల్ని తిట్టడానికైనా సరే. ఉద్యోగమంతా అదే. ఆ సంగతి ట్రైనింగులో చెప్పరు.

తెలుగు చదివేవాళ్ళలో ఈ వస్తువును చూడనివాళ్ళే ఎక్కువ కాబట్టి ముందు అదేమిటో చెప్పాలి. ఇది రెండు ముక్కల కుర్చీ. పై ముక్క మీద కూర్చుంటారు, కింది ముక్క మీద నిలబడతారు. ఒక్కో ముక్కకూ ఒక ఇనుప తాడు ఉంటుంది, అది చెట్టు మొదలు చుట్టూ తిరిగి బిగుస్తుంది. కూర్చుని కాళ్ళతో కింది ముక్కను పైకి లాక్కోవాలి. దాని మీద నిలబడి చేతులతో పై ముక్కను ఇంకాస్త పైకి జరుపుకోవాలి. గొంగళిపురుగు నడిచినట్టు అలా ఇరవై అడుగులు పోయి, అక్కడ కూర్చుని జింక కోసం చూస్తారు. జింక తల పైకెత్తి చూసే రకం కాదని వీళ్ళ నమ్మకం. జింకను ఎవరూ అడగలేదు.

నన్ను ఎందుకు తీసుకున్నారంటే

అంతకుముందు కార్ల సీట్లు తయారుచేసే కంపెనీలో పనిచేసేవాణ్ణి. ఒక ఏడాది కార్లు అమ్ముడుపోలేదు, నన్ను తీసేశారు. వేట విభాగం మేనేజరు డేల్ నా కాగితం చూసి, "జింకలు, కుర్చీలు. రెండింట్లో ఒకటి తెలుసు, చాలు" అన్నాడు. తర్వాత నేను శాకాహారినని తెలిసి కాసేపు ఆలోచించాడు.

"అయితే సీజను మొదటిరోజు సెలవు అడగవన్నమాట" అన్నాడు.

"అడగను" అన్నాను.

"రేపట్నుంచి రా" అన్నాడు.

ఆ మాట విలువ తెలియాలంటే నవంబరులో ఇక్కడ ఉండాలి. తుపాకీ సీజను మొదలయ్యే రోజు ఈ రాష్ట్రంలో సగంమంది మగాళ్ళకు జ్వరం వస్తుంది. కొన్ని ఊళ్ళలో బడికే సెలవిచ్చేస్తారు.

చేరిన మొదటివారమే ఒక గడ్డపాయన స్టాండు తిరగేసి మరగేసి చూసి, "నువ్వెప్పుడైనా చెట్టెక్కిన మొహమేనా?" అని అడిగాడు. ఉక్రోషం వచ్చింది. "మా వంశం మూడు తరాలుగా తాటిచెట్లెక్కుతోంది. కుర్చీ కూడా లేకుండా. నడుముకి ఒక మోకు, కాళ్ళకి ఒక తాడు, అంతే" అన్నాను. అతను నోరు తెరిచి విని, కౌంటరులో ఉన్నవాటిలో పెద్దది కొనుక్కుపోయాడు. పక్కనే ఉన్న డేల్ మర్నాడు కౌంటరు మీద ఒక అట్ట పెట్టించాడు: 'మూడు తరాల చెట్టెక్కే వంశం. శామ్‌ని అడగండి.'

మా నాన్న పోస్టుమాస్టరు. తాతయ్య కూడా పోస్టుమాస్టరే. మా వంశంలో ఎవరైనా ఎక్కిన ఎత్తు ఏమైనా ఉందంటే అది గోడగడియారానికి కీ ఇవ్వడానికి వేసుకున్న ముక్కాలిపీట. తాటిచెట్టు ఎక్కేవాళ్ళను నేను కిందనుంచి చూశాను, ముంజలు పడతాయేమోనని. చూడటంలో మాత్రం మూడు తరాల అనుభవం ఉంది.

అట్ట నేను మానేసేదాకా అక్కడే ఉంది. తీసేయమని డేల్‌కి చెప్పలేదు. చెప్పబోయినప్పుడల్లా ఎవరో ఒకరు కొనడానికి వచ్చేవారు.

ముందు చెట్టు, తర్వాత స్టాండు

కొనడానికి వచ్చినవాడు ముందు మంచి స్టాండేదని అడుగుతాడు. మీరు జవాబు చెప్పకూడదు. ఏ చెట్టెక్కుతావని ఎదురు అడగాలి. చెట్టు తెలియకుండా స్టాండు అమ్మడం కాలు చూడకుండా చెప్పులు అమ్మడమే. మొదలు నిటారుగా ఉండాలి, ఎక్కదలచుకున్న ఎత్తుదాకా కొమ్మ ఉండకూడదు. బెరడు పెచ్చులు పెచ్చులుగా లేచే హికరీ చెట్టయితే పెచ్చుతో పాటు మనిషీ ఊడివస్తాడు. పురుగు పట్టి చచ్చిపోయిన యాష్ చెట్లు మా వైపు అడవుల్లో బోలెడు, చూడటానికి స్తంభాల్లా ముచ్చటగా నిలబడి ఉంటాయి. వాటి జోలికి పోవద్దని మూడుసార్లు చెప్పండి. అతని అడవిలో అన్నీ కొమ్మల చెట్లే అయితే ఇది అమ్మకండి, నిచ్చెన స్టాండు చూపించండి. డేల్ ఏమీ అనడు. అన్నా ఫరవాలేదు.

తర్వాత బరువు. బరువెంతని అడిగితే మగవాడు పెళ్ళినాటి బరువు చెబుతాడు. నేను మొదట్లో నమ్మేవాణ్ణి. తర్వాత సరుకులు తూచే కాటా ఒకటి కౌంటరు పక్కకు లాగించి, "మీ సంగతి కాదు సార్, మీ సామాన్ల బరువు చూద్దాం. బూట్లు, కోటు, సంచి, ఫ్లాస్కు, అన్నీ తగిలించుకుని ఒకసారి నిలబడండి" అనేవాణ్ణి. సామాన్ల నెపం మీద మనిషి నిజం చెప్పేస్తాడు. స్టాండు మీద రాసి ఉన్న బరువులో అవన్నీ కలిసే ఉంటాయి.

ఆ పైన స్టాండు వీపుకి తగిలించి, బయట పార్కింగులో ఒక చుట్టు తిరిగి రమ్మనండి. ఇత్తడి సామాన్ల మూటలా గలగలమంటే ఆ స్టాండు వద్దు, అడవిలో జింకలన్నిటికీ చాటింపు వేస్తుంది. అన్నిటికన్నా తేలికది కావాలని పట్టుబట్టేవాణ్ణి దాని కింది ముక్కలోని పలక మీద కాసేపు ఊరికే నిలబెట్టండి. తేలిక కోసం పలకను సన్నం చేస్తారు. కొట్టులో నిలబడలేనివాడు తెల్లవారుజామున చలిలో ఏం నిలబడతాడు?

తాటిచెట్టు నేర్పిన తప్పు

వాల్ట్ స్కూలు బస్సు నడిపేవాడు. ఓపికగల మనిషి. కౌంటరు మీద అట్ట చదివి, చేతులు కట్టుకుని నా ముందు నిలబడ్డాడు. చెట్టు మొదట్లో స్టాండు తగిలించేటప్పుడు పలకను ఎలా పెట్టాలని అడిగాడు. "నేలకు సమంగా, కంచంలో పెరుగు ఒలకనంత సమంగా" అని చెప్పాను. మూడు తరాల గొంతుతో చెప్పాను.

సోమవారం వచ్చాడు. కోపం లేదు. నిజంగా తెలుసుకోవాలని అడిగినట్టు అడిగాడు.

"శామ్, మీ ఊళ్ళో చెట్లు పైకి పోతే సన్నబడవా?"

నాకు అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. మా ఊళ్ళో చెట్టంటే తాటిచెట్టు. అడుగున ఎంత లావో తల దగ్గరా దాదాపు అంతే. ఇక్కడి చెట్టు అలా కాదు, ఎక్కుతున్నకొద్దీ సన్నబడుతుంది. చుట్టూ బిగించిన తాడు వదులై, మొదట్లో సమంగా పెట్టిన పలక పైకి పోయేసరికి ముందుకు వాలిపోతుంది. గోదాములో దుంగ మీద నాకు అది ఎందుకు తెలియలేదని అడగొచ్చు. నేను ఎక్కిన ఎత్తుకు ఏ చెట్టూ సన్నబడదు.

"పైన జారుడుబల్ల మీద కూర్చున్నట్టుంది. ముందు ఫ్లాస్కు పోయింది. తర్వాత శాండ్‌విచ్ పోయింది. తర్వాత నా వంతేమో అనుకున్నాను" అన్నాడు వాల్ట్.

"మరెలా దిగావు?"

"దిగుతున్నకొద్దీ అదే సర్దుకుంది. చెట్టుకి నీకంటే బుద్ధుంది."

కాబట్టి రాసిపెట్టుకోండి. మొదట్లో పలక ముందు అంచు పైకి లేచి ఉండాలి, పైకి పోయాక అదే సమమవుతుంది. తాటిచెట్టు చూసి నేను నేర్చుకున్నవాటిలో ఇక్కడ పనికొచ్చింది ఒక్కటే. ఎక్కేటప్పుడు భయమేసి చెట్టును కావలించుకున్నవాడు జారతాడు. బరువు వెనక్కి వేసినవాడికి తాడు బిగుస్తుంది. కల్లుగీసేవాళ్ళు మోకు మీద వెనక్కి వాలి, పడకకుర్చీలో ఉన్నట్టు పని చేసుకునేవారు. వాల్ట్‌కి అదీ చెప్పాను. అప్పటికి నా మాట వినడం మానేశాడు. కొత్త ఫ్లాస్కు నా ఖర్చుతో కొనిపెట్టాను, అది బాగుందన్నాడు.

వాపసు బల్ల

ఈ ఉద్యోగంలో అసలు చదువు సీజను ముందు కాదు, తర్వాత. డేల్ నన్ను ఏటా డిసెంబరులో వాపసు బల్ల దగ్గర కూర్చోబెట్టేవాడు. అందరూ అది శిక్ష అనుకునేవారు. మీరు మాత్రం అడిగి మరీ కూర్చోండి.

స్టాండు పెట్టెలో అడుగున ఒక ప్లాస్టిక్ కవరు ఉంటుంది. అందులో ఒంటికి తొడుక్కునే బెల్టులుంటాయి, హార్నెస్ అంటారు. భుజాల మీంచి, తొడల చుట్టూ వచ్చి, వీపు వెనక ఒక పట్టీతో చెట్టుకి కట్టి ఉంటాయి. కుర్చీ పోయినా మనిషి వేలాడతాడు, పడడు. వాపసు వచ్చే స్టాండ్లకు చెట్టును కరిచిపట్టే ఇనుప పళ్ళలో బెరడు ఇరుక్కుని ఉండేది, పలక మీద బురద ఉండేది. కవరు మాత్రం కంపెనీలో అంటించిన సీలు అంటించినట్టే ఉండేది. అంటే ఇరవై అడుగుల ఎత్తున ఆ మనిషి ఊరికే కూర్చుని వచ్చాడన్నమాట.

ఎందుకంటే మా కొట్టు రూలు. హార్నెస్ సీలు తీస్తే పెట్టె వాపసు తీసుకోం. ఒకసారి వాడిన బెల్టు ఎంత లాగుడు తిన్నదో ఎవరికీ తెలియదు కాబట్టి భద్రత కోసం పెట్టిన రూలు. ఆ భద్రత రూలుకి భయపడి జనం భద్రత మానేశారు.

వాడుకుని వాపసు ఇచ్చే ఈ పని అన్ని జాతులవాళ్ళూ చేస్తారు. మనవాళ్ళు మాత్రం దాన్ని కళగా పెంచారు. ఒక ట్రిప్పుకి టెంటు, ఒక గృహప్రవేశానికి మడత కుర్చీలు, ఒక మంచుతుపానుకి జనరేటరు. వాడి, తుడిచి, ఏ థర్మోకోలు ముక్క ఏ మూల ఉండేదో ఆ మూలే పెట్టి, రసీదుతో సహా తెచ్చి నవ్వుతూ ఇస్తారు. ఆ నేర్పు చూస్తే నాకు ముచ్చటేసేది. నేనూ మంచు ఊడ్చే స్నో బ్లోయర్ ఒకటి అలాగే ఇచ్చాను. వేరే కొట్టులో.

ఈ రోగానికి మందు కనిపెట్టింది నేనే. బిల్లు కొట్టకముందే పెట్టె విప్పి, కవరు కత్తెరతో కోసి, హార్నెస్ కొనేవాడి ఒంటికి తొడిగి, పట్టీలు అతని కొలతకు బిగించి చూపించాలి. నచ్చితే అప్పుడు బిల్లు. ఇక వాపసు లేదు కాబట్టి ఆ మనిషి దాన్ని వేసుకుంటాడు. ఇప్పుడు దేశమంతా ఇలాగే చేస్తున్నారు.

దేశమంతా కాదు. మా కొట్టు. మా కొట్టులో నా కౌంటరు. కొందరు కత్తెర చూసి వెళ్ళిపోయేవారు, పోనిచ్చేవాణ్ణి. డేల్ మొదట్లో గొణిగాడు, తర్వాత కత్తెర తానే సానబట్టించి తెచ్చాడు. "నీకీ ఆలోచన ఎలా వచ్చింది?" అని అడిగితే, స్నానం చేస్తుంటే తట్టిందని చెప్పాను. ఆ స్నానం సంగతికి కూడా సవరణ ఉంది, కాసేపు ఆగండి.

కార్తీక్, వాళ్ళమ్మగారు

సీజనుకి కొద్దిరోజుల ముందు ఒక కుర్రాడు వచ్చాడు. కార్ల సాఫ్ట్‌వేర్ కంపెనీలో పని. వెనకాలే వాళ్ళమ్మ, చీర మీద ఉబ్బుకోటు, కాళ్ళకు కొడుకు స్నీకర్లు.

"అంకుల్, మీరు తెలుగా? ట్యాగ్ మీద శామ్ అని ఉంటే డౌట్ వచ్చింది."

"సాంబశివరావు. ట్యాగు చిన్నది."

వాళ్ళమ్మ మొహం విప్పారింది. "ఏ ఊరండీ మీది?"

"భీమవరం దగ్గరమ్మా."

"మాది తెనాలి. నా పేరు అనసూయ. వీడు కార్తీక్. అన్నయ్యగారూ, ఈ కుర్చీ నిజంగానే చెట్టెక్కుతుందా?"

"కుర్చీ ఎక్కదమ్మా, మనిషే ఎక్కాలి."

"మరి కుర్చీ ఎందుకూ?"

నేను కార్తీక్ వైపు తిరిగాను.

"మా మేనేజర్ గ్రెగ్ డీర్ క్యాంప్‌కి ఇన్వైట్ చేశాడంకుల్" అన్నాడు కార్తీక్. "టీమ్ మొత్తంలో నన్నొక్కడినే. నో చెప్తే బాగోదు. లైసెన్స్ తీసుకున్నా, సేఫ్టీ క్లాస్ కూడా చేశా."

"బాగోదట" అన్నారు అనసూయమ్మగారు నాతో. "నోరులేని జీవాన్ని చంపితే బాగుంటుందట."

"అమ్మా, నాకు షూట్ చేయడమే సరిగా రాదు. ఊరికే కూర్చుని వచ్చేస్తా."

"ఊరికే కూర్చోడానికి ఇంట్లో సోఫా లేదట్రా? వచ్చిన దగ్గర్నుంచీ కాసేపు కూర్చోరా మాట్లాడుకుందాం అంటే మీటింగుందంటావు. ఇప్పుడు చెట్టెక్కి కూర్చుంటాడట అన్నయ్యగారూ, చలిలో, మాట్లాడకుండా."

కార్తీక్ ఫోను తీసి చూపించాడు. ఇంటర్నెట్టులో రివ్యూలన్నీ చదివి, అన్నిటికన్నా తేలికది, అన్నిటికన్నా ఖరీదుది ఎంచుకుని వచ్చాడు. ఏ చెట్టెక్కుతావని అడిగాను.

"చెట్టంటే... చెట్టే కదంకుల్."

గ్రెగ్‌కి ఫోను చేయించాను. అక్కడ పాప్లర్లు, నిటారు ఓకులు ఉన్నాయన్నాడు. మంచిదే. సామాన్ల నెపం మీద కుర్రాణ్ణి తూచాను. తను తెచ్చుకున్న ఎంపిక మానిపించి, పలక వెడల్పుగా ఉన్న మధ్యరకం చూపించాను. అతనికి ఏమీ పట్టింపు లేదు.

"ఏదైనా ఓకే అంకుల్. మండే రిటర్న్ చేసేస్తా కదా."

అప్పుడు హార్నెస్ బయటికి తీశాను. సీలు మీద చెయ్యి పడగానే అతను కంగారుపడ్డాడు.

"ఓపెన్ చేయకండంకుల్! సీల్ పోతే రిటర్న్ తీసుకోరటగా."

"మరి ఎలా కట్టుకుంటావు?"

"అవసరం లేదట. గ్రెగ్ ట్వంటీ ఇయర్స్ నుంచీ వాడట్లేదట. ఏం కాలేదట."

"ఏమీ కానివాడే ఆ మాట చెప్పగలడు నాయనా. అయినవాడు క్యాంపుకి రాడు."

పెద్దమనిషి కదా అని తల ఊపాడు. నేను ఇంకా చెప్పాను. చెట్టు మీద మంచు సంగతి చెప్పాను, రెండు ముక్కల్నీ కలిపి తాడుతో కట్టుకోమని చెప్పాను, పోయినేడు ఎవరో పడ్డారని కూడా కల్పించి చెప్పాను. "కేర్‌ఫుల్‌గా ఉంటా అంకుల్" అన్నాడు. ఈ మాట కొనేవాడికి ధైర్యం, అమ్మేవాడికి భయం. బిల్లు కొట్టాను. కారు తేవడానికి వెళ్ళాడు.

అనసూయమ్మగారు పెట్టె పక్కన నిలబడ్డారు.

"అన్నయ్యగారూ, వేటకి వద్దంటే వినడు. అది వదిలేశాను. వాడు చెట్టుమీంచి పడకుండా ఉండాలంటే ఏం చేయాలి?"

"అడుగున కవరులో బెల్టులున్నాయి కదమ్మా. అవి వేసుకుంటే చాలు."

"కవరు విప్పితే?"

"వాపసు తీసుకోం."

"బెల్టులేనా, కుర్చీ కూడానా?"

"పెట్టె పెట్టెగా వస్తేనే తీసుకుంటాం."

"ఓహో" అన్నారు. తర్వాత, పార్కింగులో కారు వస్తుంటే, మా కొట్టు ఎంత పెద్దదో మెచ్చుకున్నారు.

సీజను మొదటిరోజు డేల్ లేడు, ఎవరూ లేరు. ఖాళీ కొట్టులో నేను, గోడల మీద జింక తలలు. వాటితో నాకెప్పుడూ పేచీ లేదు, ఆ రోజు మాత్రం అవి నా వైపే చూస్తున్నట్టు అనిపించింది. ఎంతోమందికి సీలు తీయని కవరుతోనే అమ్మాను. వాళ్ళ మొహాలు గుర్తులేవు. ఈ కుర్రాడి వెనక వాళ్ళమ్మ మొహం ఉంది, అదే గొడవ. మధ్యాహ్నం అన్నం తినబుద్ధి కాలేదు. తిన్నాను గానీ, తినబుద్ధి కాలేదు.

సోమవారం

ఇద్దరూ వచ్చారు. కార్తీక్ కొంచెం కుంటుతున్నాడు. పెట్టెను కౌంటరు మీద పెట్టి మూత తీశాడు. అనసూయమ్మగారు కాస్త దూరంలో ప్లాస్టిక్ జింకబొమ్మ ముందు, మాకు వీపు పెట్టి నిలబడ్డారు.

పెట్టెలో అంతా పచ్చగా ఉంది.

స్టాండు పై ముక్కకు పసుపు, కింది ముక్కకు పసుపు. హార్నెస్ ప్రతి పట్టీకీ, ప్రతి బకిలుకీ పసుపు రాసి కుంకుమ బొట్టు పెట్టి ఉంది. హెచ్చరికలు రాసిన గుడ్డ ట్యాగుకి కూడా బొట్టుంది. కూర్చునే ముక్క అంచుకు ఎండిన నిమ్మకాయ ఒకటి దారంతో వేలాడుతోంది.

"ఫ్రైడే మార్నింగ్ బయల్దేరదామని చూస్తే, అమ్మ మొత్తం విప్పేసి దేవుడి దగ్గర పెట్టిందంకుల్" అన్నాడు కార్తీక్. "అదేంటమ్మా అంటే, కొత్త బండి కొంటే పూజ చేయించమా, ఎక్కే వస్తువే కదా ఇదీ, అంటుంది. లెమన్ టైరు కింద పెట్టాలట, దీనికి టైర్లు లేవు కాబట్టి కట్టిందట. వాష్ చేశా, పసుపు పోలేదు, ఇంకా స్ప్రెడ్ అయింది. సరే, ఎలాగూ రిటర్న్ పోయింది, డబ్బులు పెట్టినందుకైనా వేసుకుందాం అని హార్నెస్ వేసుకున్నా. క్యాంప్‌లో అందరూ ఒకటే నవ్వు. గ్రెగ్ అయితే, మీ లంచ్ వేసుకొచ్చావా అన్నాడు."

"తర్వాత?"

అతను గొంతు తగ్గించాడు.

"సండే మార్నింగ్. బెరడు మీద ఫ్రాస్ట్. దిగుతున్నా. కింది ముక్క ఒక్కసారిగా జారి వెళ్ళిపోయిందంకుల్. మీరు చెప్పిన తాడు కట్టుకోలేదు. కాళ్ళ కింద ఏమీ లేదు. మోకాలు చెట్టుకి కొట్టుకుంది, వేలాడుతున్నా. గ్రెగ్ నిచ్చెన తెచ్చేదాకా అలాగే." మోకాలు తడుముకుని, "ఆ పట్టీ లేకపోతే..." అన్నాడు.

నేను పట్టీ చేతిలోకి తీసుకుని చూశాను. వీపు వెనక చెట్టుకి కట్టే ముక్క బాగా సాగి ఉంది. దాని కుట్టు మీద పసుపు మిగతా చోట్లకన్నా ఒత్తుగా ఉంది.

"జింక వచ్చిందంకుల్" అన్నాడు, కాస్త తేరుకుని. "నేను వేలాడుతుంటే ఒకటి వచ్చి, తలెత్తి, నన్నే చూసి వెళ్ళిపోయింది."

తలెత్తి చూసిందట. ఆ ముక్క తర్వాత చాలామందికి చెప్పాను, మంద మొత్తం వచ్చి చుట్టూ నిలబడిందని. ఒక్కటే వచ్చింది.

"అమ్మకి చెప్పకండి ప్లీజ్" అన్నాడు కార్తీక్. "జారి కింద పడ్డానని, మోకాలికి తగిలిందని మాత్రం చెప్పా."

అనసూయమ్మగారు ఇటు తిరగలేదు. ఆవిడ చూస్తున్న ప్లాస్టిక్ జింకలో అంతసేపు చూడాల్సింది ఏమీ లేదు. ఆవిడ చెయ్యి దాని వీపు మీద ఉంది, వేళ్ళు గట్టిగా బిగిసి ఉన్నాయి. కాసేపటికి చెయ్యి తీసి, కొంగు సర్దుకుని, మా దగ్గరకు వచ్చారు.

"ఏమంటాడు అన్నయ్యగారూ?"

"వాపసు తీసుకుంటారా అంటున్నాడమ్మా."

"తీసుకుంటారా?"

"లేదమ్మా. సీలు తీశారు కదా. పసుపు కూడా అంటింది."

"అయ్యో" అన్నారు ఆవిడ. "నాకేం తెలుసండీ. ఇక్కడి రూల్సు నాకేం తెలుస్తాయి."

నేను ఆవిడ మొహంలోకి చూశాను. తెనాలి మొహం. అందులో ఏమీ లేదు.

అప్పుడే డేల్ అటు వచ్చాడు. పట్టీని వేలితో రుద్ది, వేలు చూసుకుని, "ఏమిటిది, పుప్పొడా?" అన్నాడు.

"మా దేశంలో తనిఖీ ముద్ర. ఇది పడ్డాకే వస్తువు వాడకంలోకి వస్తుంది."

"పోదా?"

"పోదు."

"మనవాళ్ళ స్టిక్కరు కంటే నయం" అన్నాడు డేల్, వెళ్ళిపోయాడు.

ఒకసారి పడ్డ బరువు మోసిన హార్నెస్ మళ్ళీ వాడకూడదు. కాబట్టి కార్తీక్‌కి కొత్తది ఇచ్చాను. ఇచ్చేముందు వాళ్ళమ్మగారి కళ్ళెదుట కత్తెర తీసి కవరు కోశాను. నా ఉద్యోగంలో నేను కోసిన మొదటి కవరు అది. ఆవిడ చూసి, "మీరే కోసేస్తే సరిపోయేదిగా" అన్నారు. "నేను తెల్లవారుజామునే లేవాల్సి వచ్చింది."

పాత హార్నెస్ నేను ఉంచుకున్నాను. కొట్టులో ఎవరైనా అది పచ్చగా ఎందుకుందని అడిగితే మా మూడు తరాలవాళ్ళు వాడిందని చెప్పేవాణ్ణి.

కొత్తగా చేరినవాళ్ళకు ఆఖరి మాట. కత్తెర కౌంటరు కింద ఎడమ సొరుగులో ఉంది. అది నాది కాదు, కంపెనీది. బిల్లుకి ముందు కవరు కోసే పద్ధతి కూడా నాది కాదు, తెనాలి అనసూయమ్మగారిది. నేను స్నానం చేస్తుంటే నాకు ఏనాడూ ఏదీ తట్టలేదు. ఆ కౌంటరులో అచ్చంగా నాదంటూ మిగిలింది మూడు తరాల తాటిచెట్ల కథ ఒక్కటే. అది అబద్ధం. అట్ట మాత్రం తీయకండి, బాగా అమ్ముతుంది.